చెప్పక్కా

బుజ్జికి నలభై దాటి చాలాకాలమైంది. ఆ సంగతి ఫోన్లో చెబితే మాత్రం ఎవరూ నమ్మరు. "పాపా, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా?" అంటారు. బ్యాంకు వాళ్ళ దగ్గర్నుంచి కుళాయి బాగుచేసేవాడి దాకా అందరిదీ అదే వరస. మొదట్లో ఉడుక్కునేది. తర్వాత అలవాటుపడిపోయి, "ఉండండంకుల్, మమ్మీని పిలుస్తా" అని ఫోను కాసేపు బల్ల మీద పెట్టి, మళ్ళీ తనే తీసి మాట్లాడేది. "పెళ్ళీడు నీకొచ్చింది గానీ నీ గొంతుకి రాలేదోయ్" అని ఎగతాళి చేసేవాడు కళ్ళజోళ్ళ కొట్టు నడిపే ఆమె భర్త. కొడుకు మాత్రం తన స్నేహితుల ముందు నోరెత్తొద్దని కాళ్ళావేళ్ళా పడేవాడు.

ఆ గొంతే ఆమెకు ఇంత తిండి పెట్టింది. బొమ్మల సినిమాల్లో కుందేళ్ళు, ఉడతలు, సంతలో తప్పిపోయిన పిల్లలు, అన్నిటికీ ఆమే డబ్బింగు చెప్పేది. అసలు పేరు సినిమా వాళ్ళకి కూడా గుర్తులేదు. అందరికీ బుజ్జే.

రెండేళ్ళుగా ఆమెకు ఇంకో పని కూడా ఉంది. దెబ్బలు తింటున్న పిల్లలు, ఇంట్లో వాళ్ళంటేనే వణికిపోయే పిల్లలు ఫోన్ చేసి చెప్పుకునే హెల్ప్‌లైన్ ఒకటుంది. కింది అంతస్తులో అసలు ఫోన్లు. పై అంతస్తులో, ఆ ఫోన్లు ఎత్తబోయే కొత్తవాళ్ళకి శిక్షణ. నేర్పేది పిల్లల మనసులకు వైద్యం చేసే ఒక పెద్దావిడ. అందరూ డాక్టరమ్మ అంటారు. ఆవిడే బుజ్జిని వెతికి పట్టుకుంది.

"నిజం పిల్లల్ని తెచ్చి వీళ్ళ ముందు కూర్చోబెట్టలేను కదమ్మా. తప్పులు చేయకుండా ఎవరూ నేర్చుకోరు. ఆ తప్పులేవో నీ మీద చెయ్యనీ" అంది.

పద్ధతి సులువే. క్లాసు గదికి ఎదురుగా, నడవా అవతల చిన్న గది. అందులో ఒక కుర్చీ, ఒక ఫోను. బుజ్జి ఎవరికీ కనిపించకుండా వచ్చి అందులో కూర్చుని ఫోన్ చేసేది. క్లాసులో ఎవరో ఒకరు ఎత్తి మాట్లాడాలి. స్పీకర్లో అందరూ వినాలి. ముందుగా మొహం చూస్తే గొంతును నమ్మరని డాక్టరమ్మ అనేది. అందుకే పని అయ్యాకే బుజ్జి క్లాసులోకి వెళ్ళి, ఏ మాట దగ్గర తన నోరు మూసుకుపోయిందో, ఏ మాట దగ్గర ఇంకా చెప్పాలనిపించిందో వాళ్ళకి చెప్పేది.

ఈసారి బ్యాచిలో ఒక నర్సు, ఒక స్కూలు టీచరు, ఇంకో నలుగురైదుగురు, ఒక కానిస్టేబుల్ ఉన్నారు. కానిస్టేబుల్ ఆరడుగుల మనిషి. ఏళ్ళ తరబడి చౌరస్తాల్లో బండ్లు ఆపీ ఆపీ విసిగిపోయి, పిల్లల విభాగానికి వస్తానని తనే అడిగి వచ్చాడు. మనసు వెన్న. క్లాసంతటికీ ఆయనంటే ఇష్టం, బుజ్జికి మరీనూ. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. పాత్రలో నిలబడలేడు. బుజ్జి అటు వెక్కివెక్కి ఏడుస్తుంటే ఇటు నవ్వాపుకోలేక "అక్కా, చంపేశావక్కా" అనేసేవాడు. డాక్టరమ్మ ఎన్నిసార్లు కేకలేసినా అంతే.

"మొదటి రోజు ఏం చెప్పాను?" అని ఆవిడ నిలదీసేది.

"పిల్లల్ని నమ్మట్లేదన్నట్టు మాట్లాడొద్దన్నారు మేడం."

"ఎందుకు?"

"నమ్మట్లేదని తెలిస్తే వాళ్ళు వాదించరు మేడం. మనకు నచ్చేలా మాట మార్చేస్తారు."

"అన్నీ నోటికొచ్చు. ఫోనెత్తగానే మాత్రం అక్కా అక్కా!"

అంతా నవ్వేసేవాళ్ళు, డాక్టరమ్మతో సహా.

ఆ రోజు పొద్దుటి నుంచీ వాన. స్టూడియోలో ఉడత తుమ్ము సరిగ్గా కుదరక, తుమ్మించిందే తుమ్మించి బుజ్జిని ఆలస్యం చేశారు. బస్సు దిగి పరిగెత్తుకొచ్చేసరికి గొడుగున్నా సగం తడిసిపోయింది. హెల్ప్‌లైన్ ఆఫీసులో కింద లైన్లు మారుస్తున్నారు. మెట్ల పొడుగునా వైర్లు పాముల్లా పడి ఉన్నాయి. వాటిని దాటుకుంటూ సగం మెట్లెక్కిందో లేదో, పైన క్లాసులో ఫోను మోగింది.

తను ఇక్కడుంటే ఆ ఫోను మోగడమేమిటి అనుకునేలోగా, తెరిచి ఉన్న తలుపులోంచి కానిస్టేబుల్ గొంతు ఖంగుమని వినిపించింది.

"హలో! ఆ, చెప్పక్కా!"

స్పీకర్లో కాసేపు గరగర. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు.

"మీకెలా తెలుసు... నేను అక్కనని?"

క్లాసంతా గొల్లుమంది. బుజ్జి ఉన్నచోటే ఆగిపోయింది.

ఆమెకు మొదట తట్టింది ఒక్కటే: తన చోట ఇంకొకరిని పెట్టుకున్నారు. మాట మాత్రమైనా చెప్పకుండా! మొహం చిన్నబోయింది. ఒక్కరోజు ఆలస్యమైతే మనిషినే మార్చేస్తారా? పైగా ఆ కానిస్టేబులు, తనను తప్ప ఎవరినీ అక్కా అనడనుకున్న మనిషి, కొత్తమనిషిని కూడా అదే నోటితో అక్కా అని పిలుస్తున్నాడు. లోపలికి వెళ్ళడానికి ఆత్మాభిమానం అడ్డొచ్చింది. ఆ వచ్చిందెవరో, ఏపాటి చేస్తుందో వినాలనిపించింది. మెట్ల కమ్మీ పట్టుకుని చెవులు రిక్కించింది.

"అక్కవే మరి! నీ సంగతి నాకు తెలీదా" అంటున్నాడు కానిస్టేబుల్. "ఏమైంది చెప్పు."

"మా తమ్ముడు పలకట్లేదు."

"ఎక్కడున్నాడు తమ్ముడు?"

"డాబా మీద. నీళ్ళ ట్యాంకు కింద రేకుల గదిలో. మా అత్త గొలుసేసి కట్టేసింది. నిన్నట్నుంచి అన్నం లేదు. తలుపు కింద నుంచి పిలిచా. పలకట్లేదు."

బాగానే చేస్తోంది, అనుకుంది బుజ్జి కడుపు మంటగా. కానీ ఏడుపు లేదు. తనైతే "పలకట్లేదు" దగ్గర గొంతు చిన్నగా విరిచేది. ఈ పిల్ల, కాదు, ఈ మనిషి ఎవరో అన్నీ ఒకే తీరున, సరుకులు చెబుతున్నట్టు చెప్పుకుపోతోంది.

కానిస్టేబుల్‌కీ అలాగే అనిపించినట్టుంది.

"అక్కా, మరీ గొలుసంటే ఎవరు నమ్ముతారక్కా? కాస్త తగ్గించు!"

మళ్ళీ నవ్వులు. "పాత్రలో ఉండండి కానిస్టేబుల్‌గారూ" అంది డాక్టరమ్మ. ఆవిడ గొంతులోనూ నవ్వే.

స్పీకర్లో మాట ఆగిపోయింది. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. గుటక మింగిన చప్పుడు.

"గొలుసు లేదు" అంది ఆ గొంతు. "గదిలో పెట్టి తాళం వేసింది. అంతే. కింద గదిలోనే. డాబా మీద కాదు."

"అబ్బ! ఎంత బాగా మార్చిందో చూశారా?" అన్నారెవరో. టీచరు కాబోలు.

బుజ్జికి ఇక ఆగబుద్ధి కాలేదు. ఆ గుటక ఆమెను పట్టి లాగింది. ఇన్నేళ్ళలో ఏ మైకు ముందూ తను అలా మింగలేదు. చేతకాలేదు. ఎవరీ మహాతల్లి? మిగిలిన మెట్లు ఎక్కి, క్లాసువైపు చూడకుండా నేరుగా చిన్న గది దగ్గరకు వెళ్ళి తలుపు తోసింది.

గదిలో ఎవరూ లేరు.

కుర్చీ బల్ల కిందికి నెట్టి ఉంది. ఫోను రిసీవరు పెట్టిన చోట పెట్టినట్టే ఉంది. వెనకనుంచి, నడవా దాటి, ఆ గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది.

"...కోపమొచ్చిందా? గొలుసు లేదన్నా కదా. నిజంగా లేదు."

బుజ్జి చేతిలోని గొడుగు ఎప్పుడు పడిపోయిందో తెలీదు. క్లాసు గుమ్మంలోకి ఎలా వచ్చి పడిందో తెలీదు. చప్పుడుకి అందరూ తిరిగి చూశారు. నవ్వు మొహాలన్నీ ఆమెవైపు తిరిగాయి. బుజ్జి నోరు మూసుకునే ఉంది. గొంతు స్పీకర్లోంచి వస్తోంది.

"హలో? ఉన్నారా?"

నవ్వులు ఒక్కొక్కటే ఎలా ఆరిపోయాయో ఆమె చూసింది. నర్సుకి ముందు అర్థమైంది. పిడికిలి నోట్లో కుక్కుకుంది. టీచరు లేచి నిలబడి, ఎందుకు లేచిందో తెలియక అలాగే ఉండిపోయింది. డాక్టరమ్మ కొయ్యబారిపోయింది. చివరికి కానిస్టేబుల్ బుజ్జి మొహం చూశాడు, తన చేతిలోని రిసీవరు చూశాడు, మళ్ళీ బుజ్జి పెదాలు చూశాడు. ఆ పెద్ద మొహాన నెత్తురు చుక్క లేదు.

"నువ్వు... ఇక్కడున్నావు" అన్నాడు, పెదాలు మాత్రమే కదిలాయి.

బుజ్జి తల అడ్డంగా ఊపింది, తను కాదన్నట్టు.

"కట్ చేశారా?" అంది ఆ పిల్ల.

గదిలో ఉన్న అందరూ ఇలాంటి పిల్లతో మాట్లాడడమెలాగో వారాల తరబడి నేర్చుకుంటున్నవాళ్ళే. నేర్పినావిడ కూడా అక్కడే ఉంది. ఒక్కరికీ నోట మాట రాలేదు. డాక్టరమ్మే ముందు తేరుకుని, మాట్లాడు మాట్లాడు అన్నట్టు రెండు చేతులూ ఊపింది.

"లేదమ్మా" అన్నాడు కానిస్టేబుల్. గొంతు బొంగురుపోయి వచ్చింది. "కట్ చెయ్యలేదు. ఇక్కడే ఉన్నాను."

"మీ గొంతు మారింది."

"అవునమ్మా. ఇందాక నేను తప్పుగా మాట్లాడాను. కోపం మాత్రం రాలేదు. మీ ఇల్లెక్కడ?"

ఆ పిల్ల చెప్పింది. బస్సుల షెడ్డు వెనక వీధి, నీలం గేటు, కింద సైకిళ్ళ కొట్టు. అత్త పనికి వెళ్ళిందట. నాన్న ఓడ మీద ఉంటాడట. అమ్మ లేదట. అన్నీ ఇందాకటిలాగే ఒకే తీరున చెప్పింది. డాక్టరమ్మ పక్క ఫోనులో స్టేషనుకి చెబుతోంది. నర్సు తన సెల్లులో అంబులెన్సుని పిలుస్తోంది, అడ్రసు చెప్పబోయి రెండుసార్లు తడబడింది.

"నేను ఫోన్ చేశానని అత్తకి చెప్తారా?"

"చెప్పను. నువ్వు అక్కడే..."

"అత్తొచ్చింది."

టక్కున కట్టయిపోయింది. ఆ తర్వాత స్పీకర్లో ఊరికే గుయ్యిమని మోత. దాన్ని ఆపాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఎవరూ కుర్చీల్లో కూర్చోలేకపోయారు. కింద నుంచి లైన్లవాడు పైకొచ్చి, ఏదో వైరు పొరపాటున పైగదికి తగిలించానేమో, ఇక్కడ గానీ ఫోను మోగిందా అని మామూలుగా అడిగాడు. వాళ్ళ మొహాలు చూసి వాడే వెనక్కి వెళ్ళిపోయాడు.

స్టేషను ఎస్సై దగ్గర్నుంచి ఫోనొచ్చింది. డాక్టరమ్మ స్పీకర్లో పెట్టింది.

"ఇంటికొచ్చామండీ. గదులన్నీ చూశాం. కింద ఏ గదికీ తాళం లేదు, లోపల ఎవరూ లేరు. పిల్లాణ్ణి చుట్టాలింటికి పంపానంటోందావిడ. పాపనీ అడిగాం, అదే చెప్పింది. మీవాళ్ళని ఎవరో ఆటపట్టించినట్టున్నారు."

డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది. కానిస్టేబుల్ రెండంగల్లో బల్ల దగ్గరకొచ్చాడు.

"సార్, నేనండీ, కానిస్టేబుల్ని. కింద గది కాదు సార్. డాబా మీద. ట్యాంకు కింద రేకుల గది. ఆ పాప మొదట చెప్పిందదే."

"మరి కింద గదన్నారు కదయ్యా?"

"నేనే మార్పించాను సార్." ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. "నమ్మలేదని తెలిసి మార్చేసింది. మొదటిదే నిజం."

"నేనూ విన్నాను" అంది బుజ్జి. "డాబా అనే చెప్పింది."

"ఇంకో పాప కూడా ఉందా అక్కడ?" అన్నాడు ఎస్సై, ఆమె గొంతు విని. ఎవరూ నవ్వలేదు. "డాబా తలుపుకి తాళముంది. తాళంచెవి పోయిందంటోంది."

"పగలగొట్టండి సార్" అన్నాడు కానిస్టేబుల్. అంత పెద్ద అధికారితో ఆయన అలా మాట్లాడి ఉండడు ఎప్పుడూ. "మీ కాళ్ళు పట్టుకుంటాను, పగలగొట్టండి."

ఫోను పెట్టలేదు. బూట్ల చప్పుడు, ఎవరో ఆడమనిషి అరుపులు, ఇనుము మీద ఇనుము పడిన మోత. తర్వాత ఏమీ లేదు. తర్వాత ఎస్సై గొంతు, ఇందాకటి ఎస్సై కానట్టుగా.

"ఊపిరుంది. పిల్లాడికి ఊపిరుంది. అంబులెన్సుని లోపలికి రమ్మనండి." కాస్త ఆగి అన్నాడు. "గొలుసు ఉందండీ. కాలికి."

కానిస్టేబుల్ గోడకి జారగిలబడి అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. ఆరడుగుల మనిషి. డాక్టరమ్మ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది, ఆ వయసులో, ఆ నేల మీదే.

"నేనూ నవ్వానయ్యా" అంది.

ఆ సాయంత్రం బుజ్జి ఇంటికెళ్ళింది. ఎవరో ఫోన్ చేసి "పాపా..." అనగానే రిసీవరు కొడుకు చేతిలో పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. భర్త కొట్టు కట్టేసి వచ్చి, ఆమె మొహం చూసి, ఎగతాళి మాటలన్నీ మింగేసి పక్కన కూర్చున్నాడు. అప్పుడు చెప్పింది. అంతా చెప్పింది. మెట్ల మీద నిలబడి ఏం చేసిందో కూడా చెప్పింది.

"అక్కడ అంత జరుగుతుంటే నేను కుళ్ళుకుంటున్నానండీ. నాకంటే బాగా చేస్తోందని."

ఆయన ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

అత్తని అరెస్టు చేశారు. నాన్నకి ఓడ మీదకి కబురు పెట్టారు. ఆయన వచ్చేదాకా పిల్లలు వాళ్ళ అమ్మ చెల్లెలి దగ్గర ఉండేట్టు ఏర్పాటైంది. ఆవిడకి ఇన్నాళ్ళూ పిల్లల్ని చూడ్డానికే వీల్లేకుండా చేశారట. పిల్లాడు మొదట్లో కళ్ళు కూడా తెరవలేదు. తర్వాత తెరిచాడు. తర్వాత పాలు తాగాడు. క్లాసు కొన్నాళ్ళు మూతపడింది. మళ్ళీ తెరిచేటప్పటికి కింది ఫోన్లకీ పైగదికీ మధ్య ఏ వైరూ లేకుండా చేయించింది డాక్టరమ్మ. ఇద్దరు శిక్షణ మానేసి వెళ్ళిపోయారు. కానిస్టేబుల్ మానలేదు.

ఒకరోజు ఆయనే బుజ్జి ఇంటికొచ్చి, గుమ్మం బయటే నిలబడి, "ఆసుపత్రికి వెళ్ళాలక్కా. ఆ పాపకి నిజం చెప్పాలి. ఒక్కణ్ణే వెళ్ళలేను" అన్నాడు.

ఇద్దరూ వెళ్ళారు. వార్డు చివర మంచం మీద పిల్లాడు నిద్రపోతున్నాడు. పక్కన స్టూలు మీద ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్ల, జుట్టు బిగించి కట్టి, వీపు నిటారుగా పెట్టుకుని కాపలా కూర్చున్నట్టు కూర్చుంది. డాక్టరమ్మ ముందే చెప్పి ఉంచింది కాబట్టి వీళ్ళెవరో ఆ పిల్లకి తెలుసు. పిన్ని మందులు తేవడానికి వెళ్ళిందట.

కానిస్టేబుల్ నిలబడితే మరీ ఎత్తుగా ఉంటానని మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఆరోజు ఫోన్లో మాట్లాడింది నేనేనమ్మా. నువ్వు చెప్పింది నేను నమ్మలేదు. మా ఆఫీసులో ఆట లాంటిది ఒకటి జరుగుతుంటే, అదే అనుకున్నాను. నువ్వు నిజమే చెప్పావు. తప్పు నాది."

ఆ పిల్ల చాలాసేపు ఆయన్నే చూసింది.

"మరి డాబా మీదకి ఎందుకు పంపించారు?"

"తర్వాత నమ్మాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ నమ్ముతాను."

"ఏం చెప్పినా?"

"ఏం చెప్పినా."

ఆ పిల్ల తమ్ముడివైపు చూసింది. వాడు నిద్రలోనే ఉన్నాడని నమ్మకం కుదిరాక, గొంతు తగ్గించి చెప్పింది.

"గొలుసు వేసింది అత్త కాదు. నేను. రోజూ నాతోనే వేయించేది."

బుజ్జి నోటిదాకా "అయ్యో, అది నీ తప్పు కాదు తల్లీ" అనే మాట వచ్చేసింది. కానిస్టేబుల్ ఆమెవైపు తల తిప్పకుండానే చెయ్యి కొంచెం పైకెత్తాడు. ఆమె ఆ మాటని బలవంతాన ఆపుకుని మంచం కమ్మీ పట్టుకుంది. ఆయన ఏమీ అడగలేదు. ఏమీ అనలేదు. ఆ పిల్ల మొహంలోంచి కళ్ళు మాత్రం తిప్పలేదు.

ఆ పిల్ల మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. తాళంచెవి అత్త మెడలో ఉండేదట. గొలుసు వదులుగా వేస్తే ఇద్దరికీ దెబ్బలేనట. అందుకని బిగించే వేసేదట. మొదటి రోజు వాడు ఏడ్చి గింజుకున్నాడట, వేయలేకపోయిందట, అప్పుడు అత్త తనని కొట్టిందట. అది వాడు చూశాడట.

"మర్నాటి నుంచి ఏడవలేదు" అంది. "నేను గొలుసు తీసుకుని వెళ్ళగానే, వాడే కాలు ముందుకు చాపేవాడు."